కార్తీక మంగళవారం, కౌంటర్ వెనుక

కార్తీక మాసంలో, అందులోనూ మంగళవారం నాడు, బీచ్ రోడ్డులోని మా హోటల్ బార్‌కు వచ్చేవారు చాలా తక్కువ. మామూలు రోజుల్లో తప్పక వచ్చే విశాఖ వాసులు కూడా చాలామంది ఈ నెల మద్యం ముట్టరు. అందుకే కొత్తవారికి పని నేర్పడానికి నేను ఈ నెలనే ఎంచుకుంటాను. భీమిలి నుంచి వచ్చి ఇటీవల మా దగ్గర శిక్షణలో చేరిన అమ్మాయితో ఈ రోజంతా కౌంటర్ వెనుకనే గడిచింది.

సీసాలు ఎగరేసి పట్టుకోవడం ఎప్పుడు నేర్పుతారని ఆమె చేరిన రోజే అడిగింది. అదొక విద్యే, దానికి ఎంతో సాధన కావాలి, చూసేవారికి ఆనందం కలుగుతుంది. కానీ మంచి బార్‌టెండర్‌ను చేసేది అది కాదని నా గట్టి నమ్మకం. ఎదుటివారి గ్లాసులో ఏముందో, ఎంత ఉందో, అది వారిని ఏం చేస్తోందో ఎప్పటికప్పుడు గమనిస్తూ ఉండడమే ఈ పనికి ప్రాణం. తక్కిన నేర్పులన్నీ ఆ గమనింపు నుంచే వస్తాయి.

అందుకని ఈ ఉదయం ఖాళీ సీసాలో నీళ్ళు నింపి, మద్యం కొలిచే చిన్న గిన్నె అయిన జిగ్గర్‌తో చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు, పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లు మళ్ళీ మళ్ళీ కొలిపించాను. 750 మిల్లీలీటర్ల సీసాలో సరిగ్గా 25 చిన్న పెగ్గులు ఉంటాయి. ప్రతిసారీ 3 మిల్లీలీటర్లు ఎక్కువ పడితే 23వ పెగ్గు నిండకుండానే సీసా ఖాళీ అవుతుంది. రాత్రి స్టాక్ రిజిస్టర్ రాసేటప్పుడు ఆ తేడాకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. యజమాని నష్టం సంగతి అలా ఉంచినా, తాగేవారు తాము ఎంత తాగామో పెగ్గుల లెక్కతోనే తెలుసుకుంటారు కనుక, మన కొలత తప్పితే వారి లెక్క కూడా తప్పుతుంది. ఈ మాట చెప్పిన తరువాత ఆమె జిగ్గర్‌ను కళ్ళ ఎత్తుకు తెచ్చుకుని అంచు చూసి మరీ పోయడం మొదలుపెట్టింది.

ఐసు దగ్గర చాలాసేపు ఆగాము, ఎందుకంటే మన ఊళ్ళో ఐసును నిర్లక్ష్యం చేస్తే మిగిలిన శ్రమంతా వృథా అవుతుంది. సముద్రపు తేమ వల్ల బకెట్‌లోకి తీసిన ఐసు కొద్దిసేపటికే తడిసి నీరు కారుతుంది; ఆ నీటిని వంపకుండా షేకర్‌లో వేస్తే, పానీయం చల్లబడేలోపే పలుచనైపోతుంది. అలాగని నీరు అసలు చేరకూడదనుకోవడమూ పొరపాటే. ఐసు కరిగి కలిసే నీరు కాక్‌టెయిల్‌లో ఒక భాగం, అది లేకపోతే మద్యం ఘాటు గొంతు పట్టుకుంటుంది. నిమ్మరసం, క్రీమ్, గుడ్డు తెల్లసొన వంటివి ఉన్నవాటిని గట్టిగా షేక్ చేస్తే అవి కలిసిపోయి నురుగు వస్తుంది. కేవలం మద్యాలతో చేసేవాటిని బార్ స్పూన్‌తో నిదానంగా కలిపితే నిగనిగలాడుతూ తేటగా ఉంటాయి. ఒకే కాక్‌టెయిల్‌ను రెండు విధాలా చేసి పక్కపక్కన పెట్టి, స్ట్రాతో ఒక్కో చుక్క రుచి చూపించాను. తేడా ఆమే చెప్పింది, నేను వివరించవలసిన అవసరం రాలేదు.

సాయంత్రం ఒక కుటుంబం వచ్చి, కార్తీకం కదా, మద్యం లేనిది ఏదైనా మంచిది చేసి ఇవ్వమని అడిగింది. ఇలాంటి కోరికను తేలికగా తీసుకునే బార్‌టెండర్లంటే నాకు గౌరవం లేదు. మద్యం తానుగా ఇచ్చే ఘాటు లేనప్పుడు తీపీ పులుపూ మాత్రమే మిగులుతాయి కనుక, అది షర్బత్తులా తేలిపోకుండా నిలబెట్టడం ఇంకా కష్టం. సుగంధి పాకం, అప్పుడే పిండిన నిమ్మరసం, దంచిన అల్లం, సోడాతో ఆమె చేసింది. తొలి గ్లాసు రుచి చూసి తీపి ఎక్కువైందని తానే పక్కన పెట్టి, పాకం తగ్గించి, చిటికెడు మిరియాల పొడి వేసి మళ్ళీ చేసింది. ఆ గ్లాసు పక్కన పెట్టిన క్షణంలోనే ఈ అమ్మాయికి ఈ పని వస్తుందని నాకు నమ్మకం కుదిరింది.

రాత్రి తొమ్మిది దాటాక, పని మీద ఊరు వచ్చిన ఒక పెద్దమనిషి మూడో పెద్ద పెగ్గు ముగించి మరొకటి అడిగారు. రుషికొండ దాకా కారు తానే నడుపుకుంటూ వెళ్ళాలని అంతకుముందే మాటల్లో చెప్పి ఉన్నారు. నేను కాదనలేదు, గొంతు పెంచలేదు. మంచినీళ్ళు ముందు పెట్టి, వంటగదిలో వేడివేడిగా చేపల వేపుడు ఉందని చెప్పి, ఆ తరువాత ఆయన ఒక్కరికే వినిపించేలా, “సార్, ఈ రాత్రికి డ్రైవర్‌ను పిలిపిస్తాను, కారు ఇక్కడే ఉంచండి” అన్నాను. కొంచెం విసుక్కున్నా ఒప్పుకున్నారు. ఆయన వెళ్ళాక ఆ అమ్మాయి, “నాలుగోది ఇవ్వనని నేరుగా చెప్పవచ్చు కదా అన్నా?” అని అడిగింది. నలుగురిలో మాట పడితే మనిషి పంతానికి పోతాడనీ, పరువు నిలిపితే మాట వింటాడనీ చెప్పాను. చట్టం కూడా ఆమెకు తెలియాలి: మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివారికి మద్యం ఇవ్వకూడదు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం. కాఫీ తాగించినా, ముఖం కడిగించినా మత్తు దిగదని, కాలేయం తన వేగంతోనే దానిని కరిగిస్తుందని కూడా చెప్పాను.

తాగేవాళ్ళ మధ్య నీకేం పని అని వాళ్ళమ్మ ఇప్పటికీ అంటున్నారట. ఆ తల్లి భయం నాకు అర్థమవుతుంది, దానిని తీసిపారేయను. అయితే ఢిల్లీలో అమలైన 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం మద్యం అందించే చోట స్త్రీలు పనిచేయకూడదని నిషేధిస్తే, 2007లో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదని తేల్చిందని ఆమెకు చెప్పాను. భద్రత కల్పించవలసిన బాధ్యత మాది, పని మానుకోవలసిన అవసరం ఆమెది కాదు. వీలైతే వాళ్ళమ్మను ఒక మధ్యాహ్నం తీసుకురమ్మన్నాను, కౌంటర్ ఎలా ఉంటుందో చూస్తారు.

మార్గశిరం వచ్చేసరికి జనం మళ్ళీ పెరుగుతారు. అప్పటికి ఒకేసారి వచ్చే ఐదారు ఆర్డర్లను కాగితం చూడకుండా గుర్తుపెట్టుకుని, నురుగు దిగిపోయేవాటిని చివరికి ఉంచి, అన్నీ కలిసి బల్ల మీదకు చేరేలా వరుస వేసుకోవడం ఆమెకు రావాలి. రేపటి నుంచి నేను ఆర్డర్లు చదువుతాను, ఆమె నీళ్ళతోనే చేసి చూపించాలి.