నోరు తిరిగితే గానీ చెవికెక్కలేదు

గురువారం.

పొద్దున పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే పక్కింటి అక్క గుమ్మం దగ్గరే పట్టుకుంది. "ఏదీ, ఇంకోసారి అను, వాళపళం!" ఆమెది వేలూరు పక్క, తిరుపతికి కోడలిగా వచ్చింది. నాకు తమిళం నేర్పే పని తనే నెత్తిన వేసుకుంది.

వాళపళం అంటే అరటిపండు. ఆ మాటలో నేను ళ అంటున్న రెండు చోట్లా ఉండాల్సింది 'తమిళ్' చివర పలికే అక్షరం. అది మన అక్షరమాలలో లేదు. ళ అన్నప్పుడు నాలుక కొన అంగిలికి తగిలి, గాలి పక్కల నుంచి పోతుంది. "ఇక్కడ నాలుక వెనక్కి మడువు, పైన తగలనీయొద్దు" అంటుంది అక్క. ఈ మధ్యే అటూ ఇటూగా పలుకుతోంది.

చిన్నప్పటి నుంచి బస్టాండులో, కొండ మెట్ల మీద తమిళ యాత్రికుల మాటలు వింటూనే పెరిగా. అన్నేళ్లూ అది నాకు ళ గానే వినబడింది. ఈరోజు మధ్యాహ్నం బస్టాండులో ఇద్దరు ఆడవాళ్లు పళ్లు బేరం చేస్తుంటే, ఒకామె సరిగ్గా పలకడం, రెండో ఆమె ళ అనేయడం స్పష్టంగా తెలిసిపోయింది. (తమిళులే చాలామంది ళ అనేస్తారు. అక్క ముందు ఈ మాట అనకూడదు.)

2015లో వచ్చిన కెనడా పరిశోధన ఒకటి గుర్తొచ్చింది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని ఆరు నెలల పసివాళ్లకు హిందీ ద, డ ధ్వనులు వినిపించారు. ఆ వయసులో వాళ్లు తేడా పట్టేస్తారు, ఇంట్లో వినబడక ఏడాది నిండేసరికి ఆ నేర్పు సన్నగిల్లుతుంది. అయితే పళ్లొచ్చే పిల్లలు కొరికే బొమ్మ ఒకటి, నాలుక కదలకుండా అడ్డుపడేది, నోట్లో పెడితే ఆ ఆరు నెలల వాళ్లకే తేడా తెలియలేదు. అడ్డురాని బొమ్మ పెడితే తెలిసింది. ఇంకా ఒక్క మాటా రాని పిల్లలు!

అలాగని నాలుకే గొప్ప అని తీర్పు చెప్పలేను. జపాన్ వాళ్లకు ఇంగ్లీషు ఆర్, ఎల్ తేడా వట్టిగా వినిపించి నేర్పితే, పలకడం కూడా బాగుపడిందని 1997లో తేల్చారు. నా మటుకు దారి నోటి నుంచి చెవికి పడింది, అంతే. వేదపాఠశాలలో సంత చెప్పేటప్పుడు, అంటే పాఠం వల్లె వేయించేటప్పుడు, గురువు ఒకసారి అంటే పిల్లలు రెండుసార్లు అంటారు, అన్నది ఆయన వింటాడు. హెడ్‌ఫోన్లు తగిలించి "వినండి, వినండి" అనే ఇంగ్లీషు కోచింగ్ వాళ్లు ఒకసారి తిరుమలలోని ధర్మగిరి వేదపాఠశాలకు వెళ్లి చూసి రావాలి.

సాయంత్రం చెల్లెలు మూడేళ్ల పాపతో వచ్చింది. దానికి రాయి అంటే 'లాయి'. నేనూ "లాయా?" అని ఏడిపిస్తే కాలు నేలకేసి కొట్టి, "లాయి కాదు, లాయీ!" అంది. అంటే ర, ల తేడా దాని చెవికి బాగానే తెలుసు. తన నోట వచ్చింది మాత్రం దానికి రాయిగానే తోస్తున్నట్టుంది. చెల్లెలికి ఒకటే టెన్షన్. ర ఆలస్యంగా వచ్చే అక్షరమే, పిల్లను పదేపదే అనిపించి విసిగించొద్దని చెప్పా.

రాత్రి అక్క ఇంకో పేచీ తెచ్చింది. "బ, భ తేడా నాకు వినబడదు, నువ్వు పలికి చూపించు." 'భోజనం' అన్నా. "నువ్వన్నదీ బోజనమే కదా!" అంది. ఈ ఊళ్లో మామూలు మాటల్లో ఒత్తు పలికేదెవరు? ఆదివారం దాకా టైం అడిగా.