పై పెదవి ముందుకు సాగితే

ధర్మాబాద్ స్టేషన్ ముందు టాంగాలు ఆగే రోజుల్లో మా బాపు (నాన్న) రెండు పనులు ఎవరికీ అప్పగించేవాడు కాదు. ఒకటి చిల్లర లెక్క, రెండోది మా టాంగా గుర్రం రాణికి ఖరారా పెట్టి ఒళ్లు దువ్వటం. ఇనుప పళ్ల ఖరారా చేత పట్టుకుని మెడ నుంచి పిరుదుల దాకా బురద చెక్కినట్టు గీసేవాడు. దుమ్ము లేచేది. ఆ తరువాత రెండు అరచేతులతో చప్పుడయ్యేలా మాలీసు. రాణి చెవులు వెనక్కి పడేసి, తోక విసురుతూ, ఉండుండి గాలిని కొరికేది. "దీనికి పొగరు" అనేవాడు బాపు, సగం మెచ్చుకోలుగా. పొగరున్న గుర్రమే బండి బాగా లాగుతుందని ఆయన నమ్మకం. నేనూ నమ్మాను. పదేళ్ల వయసులో ఆ ఖరారా నా చేతికి వచ్చింది, చెవులు వెనక్కి పడటం గుర్రానికి సహజమే అనుకుంటూ పెరిగాను.

మాది నాందేడ్ జిల్లా అంచు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మిరపకాయల బజారులో రెండూ కలిపి. 1956లో హైదరాబాద్ రాష్ట్రం విడిపోయినప్పుడు మా జిల్లా బొంబాయి వైపు వెళ్లింది, పక్కనే ఉన్న బాసర తెలుగు రాష్ట్రం వైపు ఉండిపోయింది. మా ఇళ్లలో పిల్లలకు అక్షరాభ్యాసం ఇప్పటికీ బాసరలోనే. ఆటోలు వచ్చాక టాంగా పోయింది, రాణి పోయింది. నేను నిజామాబాద్ వైపు మేనమామ కొడుకుల వెంట గల్ఫ్ దారి పట్టాను. ఏజెంటు "ఏం పని వచ్చు?" అని అడిగితే "సాయీసు పని" అన్నాను, అంటే గుర్రాలను చూసుకునే పని. సాయీసు అరబ్బీ మాట అని నాకప్పుడు తెలియదు. నిజాం కాలం నుంచి మా నోళ్లలో నానిన మాట, అక్కడికి వెళ్లేసరికి నా కంటే ముందే వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. ఎమిరేట్స్‌లో పదకొండేళ్లు ఆ ఒక్క మాట మీదే బతికాను.

ఎండాకాలం మూడున్నరకు లేవాలి. సూర్యుడు పైకి రాకముందే గుర్రాల పరుగు అయిపోవాలి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడ చట్టం. మా గుర్రాలుండే చోట మాత్రం ఏడాది పొడుగునా ఏసీ. గుర్రానికి చలి పెట్టి నాకు చెమట పట్టే ఆ చోట నా వంతు నాలుగు తలలు. పాకీ పని, గడ్డి, నీళ్లు, పరుగు తరువాత పైపుతో స్నానం, చెమట నీళ్లు గీసేయటం, గిట్టల్లో మట్టి తీయటం. అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది బ్రష్షు పని. వెళ్లిన మొదటి వారం నేను దాన్ని బాపు లాగే చేశాను. గుర్రం మెరిసింది. నాకు శభాష్ వస్తుందనుకున్నాను.

మా వరుసలో అందరికంటే పెద్ద ఒక సూడాన్ ముసలాయన. మేమంతా ఆయనను "అమ్మీ" అని పిలిచేవాళ్లం. అరబ్బీలో అమ్మీ అంటే బాబాయి. ఫోనులో వెనక నుంచి ఆ పిలుపు విన్న మా ఆవిడ, అక్కడ ఎవరి తల్లి ఉందని చాలాకాలం అడిగింది. ఆయన నా పని కాసేపు చూసి, బ్రష్షు లాక్కుని, వచ్చీరాని ఉర్దూలో ఒక్క మాట అన్నాడు. "ఒంటిని చూస్తున్నావు. ముఖం చూడు."

ముఖంలో చూడటానికి ఏముందో నాకు అర్థం కావటానికి నెలలు పట్టింది. ఆయన నా చేతిని పట్టుకుని గుర్రం జూలు ముగిసేచోట, మెడ దిగి వీపు మొదలయ్యే ఆ ఎత్తు మీద పెట్టాడు. నాలుగు వేళ్ల గోళ్లతో, పిల్లవాడి తల గోకినట్టు, గుండ్రంగా గోకమన్నాడు. మొదట ఏమీ కాలేదు. తరువాత గుర్రం మెడ కొంచెం దిగింది. అటొకటి ఇటొకటిగా తిరుగుతున్న చెవులు కదలటం మానేసి వదులుగా పక్కకు వాలాయి. కన్ను సగం మూసుకుంది. అప్పుడు పై పెదవి ముందుకు సాగింది. చిన్న తొండం మొలుస్తోందా అన్నట్టు సాగి, కొసన వణకటం మొదలుపెట్టింది. నేను వేళ్లు ఆపితే పెదవి ఆగింది, మళ్లీ గోకితే మళ్లీ వణికింది. ఇనుప ఖరారా కింద రాణి పెదవులు బిగుసుకుని ఉండేవన్న సంగతి ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. ఇరవై ఏళ్లు దగ్గర నుంచి చూసిన ముఖమది.

గుర్రాలు మందలో ఉన్నప్పుడు రెండు ఎదురెదురుగా నిలబడి, ఒకదాని మెడ మొదలు మరొకటి పళ్లతో గోక్కుంటాయి. ఒకటి ఆపితే రెండోదీ ఆపుతుంది. ఫ్రాన్సులో కమార్గ్ అనే చిత్తడి నేలల గుర్రాల మీద 1993లో వచ్చిన ఒక పరిశోధనలో ఆ చోటనే చేత్తో గోకి గుండె చప్పుడు లెక్కపెట్టారు. అక్కడ గోకినప్పుడు గుండె వేగం తగ్గింది, ఒంటి మీద మరోచోట గోకితే తగ్గలేదు. ఇది నాకు చెప్పింది మా గుర్రాలను చూడటానికి వచ్చే డాక్టరమ్మ. 2018లో వచ్చిన మరో ఫ్రెంచి పరిశోధన గురించి కూడా ఆవిడే చెప్పింది. కొన్ని గుర్రాలకు వాటి ముఖం చూస్తూ, నచ్చినచోట ఆగుతూ, నచ్చనిచోట తప్పుకుంటూ బ్రష్షు చేశారట. మిగతావాటికి మామూలుగా, గుర్రం ఏమన్నా పట్టించుకోకుండా పని ముగించారట. మొదటి గుంపు ముఖాల్లో సగం మూసిన కన్ను, సాగిన పై పెదవి. రెండో గుంపులో ఎత్తిన మెడ, పెద్దవైన కళ్లు, బిగిసిన పెదవులు. ఏడాది గడిచాక మళ్లీ చూసినా ఆ తేడా పోలేదట. చదువుకున్నవాళ్లు కెమెరాలు పెట్టి కనిపెట్టినదాన్ని మా అమ్మీ ఏ బడికీ వెళ్లకుండా చెప్పాడే అని నేను గొప్పగా అంటే, డాక్టరమ్మ నవ్వి "ఆయన చెబితే నువ్వు వెంటనే నమ్మావా మరి?" అంది. నమ్మలేదన్నది నిజమే.

నా నలుగురిలో నజ్మా అని ఎర్ర గోధుమ రంగు ఆడగుర్రం ఉండేది. నేను వెళ్లేసరికే దానికి చెడ్డపేరు. బ్రష్షు మెడ మీద ఉన్నంతసేపు బంగారం. పక్కటెముకలు దాటి జీను పట్టీ బిగించేచోటికి, పొట్ట కిందికి రాగానే వెనక్కి తిరిగి కొరికేది. పాత సాయీసులు దాని తలను రెండు వైపుల నుంచి పొట్టి తాళ్లతో కట్టేసి పని చేసుకునేవాళ్లు. బిగుతుగా కట్టిన గుర్రం కదలదు కాబట్టి పని త్వరగా అయ్యేది. దాని చర్మం పలుచన. ఒక్క ఈగ వాలితే సరిగ్గా వాలినచోటే చర్మం ముడుచుకుని అదిరే జాతి. అలాంటి ఒంటి మీద పొలంలో పళ్లచక్రం తిప్పినట్టు గట్టి బ్రష్షు తిప్పితే అది ఊరుకుంటుందా అని నేను మెత్తది వాడి చూశాను. గుడ్డతో తుడిచి చూశాను. ఒట్టి అరచేయి పెట్టినా కొరకబోయేది. కొరికే ముందు ఏం చేస్తుందో అప్పటికి నేను పట్టుకున్నాను. ముందు ముక్కుపుటాల పైన ముడతలు పడతాయి, నోటి మూల వెనక్కి లాగుతుంది, ఆ తరువాతే చెవులు. మెడ మీద గోకుతుంటే సాగే పెదవి, చేయి పొట్ట దగ్గరికి జరిగిన మరుక్షణం బిగుసుకునేది.

డాక్టరమ్మకు అదే చెప్పాను, పొగరు అనే మాట వాడకుండా. ఆవిడ ముక్కులోంచి పొడుగాటి గొట్టం వేసి లోపల చూసింది. పొట్టలో పుండ్లు. పందెం గుర్రాలకు గింజలు ఎక్కువ, గడ్డి తక్కువ, ఖాళీ పొట్టతో నిలబడే గంటలు ఎక్కువ, వాటిలో ఇది మామూలేనంది. మనుషుల కడుపుమంటకు ఇచ్చే ఒమెప్రజోలే దానికీ ఇచ్చారు, పేస్టులా గొట్టంలో నింపి నాలుక మీద. ఎప్పుడూ గడ్డి ముందు ఉండేలా చూడమన్నారు. నెల రోజులు దాటాక ఒక తెల్లవారుజామున నా చేయి పొట్ట కిందికి వెళ్లింది. నజ్మా తల తిప్పి చూసింది. అంతే, చూసి ఊరుకుంది. బాపుకు ఫోను చేసి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "రాణికి కూడా మేం సాయంత్రం దాకా ఏమీ పెట్టేవాళ్లం కాదు" అన్నాడు.

మంచి చేసుకోవటంలోనూ ఒక చిక్కు ఉంది. మెడ మొదట గోకుతూ ఉంటే గుర్రం నిన్ను మందలో గుర్రంగా లెక్కవేసి బదులు తీర్చాలనుకుంటుంది. నజ్మా ఒకరోజు నా భుజం తన పళ్లతో ప్రేమగా గోకింది. తోటి గుర్రానికి అది సుఖం, నా భుజానికి అరచేయంత కమిలిన నల్లమచ్చ. వీడియో కాలులో మా ఆవిడ చూసి ఎవరు కొట్టారని ఏడుపు మొదలుపెట్టింది. ఒక ఆడగుర్రం కృతజ్ఞత అని చెబితే నమ్మటానికి వారం పట్టింది. అప్పటి నుంచి గోకేటప్పుడు దాని తల నాకు దూరంగా ఉండేలా పక్కకు నిలబడటం నేర్చుకున్నాను. చాలామంది ఇక్కడే చెయ్యెత్తి కొడతారు. ఇచ్చినదానికి బదులిస్తే దెబ్బ పడిందని గుర్రానికి ఎలా అర్థమవుతుందో!

ఇంకొకటి. కదలని గుర్రమంతా సుఖపడుతున్నదని కాదు. మా వరుస చివర ఒక ముసలి మగగుర్రం ఉండేది, ఏం చేసినా నిలబడేది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లంతా దానిమీదే పని నేర్చుకునేవాళ్లు. కళ్లు తెరిచే ఉండేవి కానీ ఎటూ చూసేవి కావు. చెవులు చీపురు కట్టను పడేసినా తిరిగేవి కావు. నేను దాని మెడ మీద ఎన్నిరోజులు గోకినా పెదవి సాగలేదు. ఒప్పుకున్న గుర్రానికీ, విసిగి వదిలేసుకున్న గుర్రానికీ ఉన్న తేడా దానివల్లే తెలిసింది. పండుగ రోజు ఇంటికి ఫోను చేసి "బాగున్నాను" అనే మా గదిలోని మనుషుల్లో కూడా కొందరి ముఖాలు అచ్చం అలాగే ఉండేవి. నా ముఖం ఎలా ఉండేదో నాకు కనిపించేది కాదు.

పోయిన మార్గశిరంలో సెలవు మీద వచ్చినప్పుడు బాపు మాళేగావ్ జాతరకు వెళదామన్నాడు. లోహా తాలూకా, నాందేడ్ నుంచి లాతూరు దారిలో. ఖండోబా జాతర. ఖండోబా అంటే మన మల్లన్నే, గుర్రం ఎక్కే దేవుడు. "యేళ్‌కోట్ యేళ్‌కోట్ జై మల్హార్" అని అరుస్తూ పసుపు బండారు చల్లుతుంటే ఆయన కళ్లెదుటే గుర్రాలు, గాడిదలు, ఒంటెలు అమ్ముడుపోతుంటాయి. రాణిని బాపు కొన్నది అక్కడే. కొనేవాళ్లు నోరు తెరిచి పళ్లు చూస్తారు, గిట్ట ఎత్తి చూస్తారు, సుడులు చూస్తారు. పెళ్లి ఊరేగింపులకు కొనేవాళ్లు రంగు చూస్తారు. పెదవి చూసేవాడు ఒక్కడూ కనిపించలేదు.

కందార్ వైపు వ్యాపారి ఒకడి దగ్గర తెల్ల ఆడగుర్రం కట్టి ఉంది. మెడ ఎత్తి, కన్నులు పెద్దవి చేసి, అటూ ఇటూ అడుగులు వేస్తోంది. చుట్టూ జనం. "చూడండి హుషారు!" అంటున్నాడు అతను. అది హుషారు కాదు, బెదురు. బేరం మాట్లాడే బాపు పక్కన నిలబడి, ఊరికే చేయి వేసి గోకటం మొదలుపెట్టాను. పదకొండేళ్ల అలవాటు, వేళ్లు వాటంతటవే చోటు వెతుక్కున్నాయి. రెండు నిమిషాల్లో మెడ దిగింది, కన్ను మూతపడింది, పై పెదవి సాగి వణకసాగింది. గంట నుంచి బేరమాడుతున్న ఒకాయన వెనక్కి తగ్గి "ఇదేమిటి, జబ్బు గుర్రంలా ఉంది" అంటూ వెళ్లిపోయాడు. వ్యాపారి నా చేయి విదిలించి కొట్టాడు. "అరే భావూ, దగ్గరుండి నా సరుకు పాడుచేస్తావా? పో ఇక్కణ్ణుంచి!" బాపు అతనికి మరాఠీలో సర్దిచెబుతూనే నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

చీకటి పడ్డాక భాకరీ, పిఠ్లా తిని అదే దారిన బస్సుకు వెళుతుంటే వ్యాపారి వెనక నుంచి పిలిచాడు. తిట్టబోతున్నాడేమో అనుకున్నాను. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎక్కడ గోకావు? ఒకసారి చూపించు."

అతని చేయి పట్టుకుని జూలు ముగిసేచోట పెట్టాను. అతను బిగించి గీకాడు. గుర్రం చెవులు వెనక్కి పడ్డాయి.

"అంత గట్టిగా కాదు" అన్నాను.