పాత టైరు ముక్కతో రోడ్డు పట్టు కొలవడం: ఆరు వారాల పని

మొదటి వారం: నా కారు టైర్లలో గాడుల లోతు 3 మిల్లీమీటర్లకు తగ్గింది. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు కాబట్టి టైర్లు మార్చే గడువు ఇంకా రాలేదు గానీ, అవి రోడ్డును ఏ మాత్రం పట్టుకుంటున్నాయో అంకెల్లో చూడాలనిపించింది. నాకు కావలసింది ఘర్షణ గుణకం, అంటే రోడ్డును అదిమే బరువుతో పోలిస్తే టైరు పట్టు ఎంత ఉందో చెప్పే అంకె. ప్రమాదాలను పరిశోధించేవారు దీనికి వాడే పాత పద్ధతి ఒకటి ఉంది: టైరు ముక్కకు బరువు కట్టి, రోడ్డు మీద ఈడ్చి, ఎంత బలం పట్టిందో స్ప్రింగు త్రాసులో చూస్తారు.

మేకు దిగి పనికిరాకుండా పోయిన ఇదే రకం టైరు నా దగ్గర ఉంది. దాని నేలకు ఆనే భాగం నుంచి జానెడు ముక్క కోసి, చదునైన చెక్కకు బిగించి, పైన ఇసుక సంచి కట్టాను. మొత్తం 8 కిలోలు తూగింది. ఇలాంటిది చేసుకోదలచినవారికి రెండు మాటలు చెప్పాలి. రబ్బరు లోపల ఉక్కు తీగల పొర ఉంటుంది, కోసిన అంచున ఆ తీగలు సూదుల్లా బయటికి వస్తాయి కాబట్టి మందపాటి చేతితొడుగులు లేనిదే ముట్టుకోకూడదు. స్క్రూల తలలు గాడుల అడుగుకు దిగిపోవాలి, లేకపోతే రబ్బరు పట్టుకు బదులు ఇనుము గీరుడును కొలిచినట్టవుతుంది.

రెండో వారం: పొడి తారు రోడ్డు మీద ఈడిస్తే త్రాసు 5.4 కిలోలు చూపింది. ఎనిమిదితో భాగిస్తే 0.68 వచ్చింది. పొడి తారు మీద మంచి టైరుకు 0.7 నుంచి 0.9 దాకా ఉండాలి కాబట్టి, రబ్బరు ముదిరిపోయిందని రెండు రోజులు టైరునే తప్పుపట్టాను. తప్పు నాదేనని తరువాత తేలింది. నిలబడి లాగుతున్నందువల్ల తాడు నేల నుంచి 20 డిగ్రీలు పైకి లేచి, నేను ముందుకు లాగుతూనే ముక్కను కొంత పైకి ఎత్తుతున్నాను, దాంతో రోడ్డును అదిమే బరువు తగ్గిపోతోంది. వంగి, తాడును నేలకు సమాంతరంగా పట్టి లాగినప్పుడు 6.6 కిలోలు, అంటే 0.82 వచ్చింది. ముక్క కదలబోయే క్షణంలో మాత్రం ముల్లు 7 దాకా వెళ్లి, కదిలాక వెనక్కి వచ్చింది. చక్రం పూర్తిగా బిగుసుకుపోయి ఈడ్చుకుపోతే పట్టు తగ్గుతుందనడానికి ఈ ముల్లే చిన్న సాక్ష్యం. టైరు కాస్త జారుతూ, ఎక్కువగా దొర్లుతూ ఉన్నప్పుడు, అంటే జారుడు సుమారు 10 నుంచి 20 శాతం ఉన్నప్పుడు పట్టు గరిష్ఠంగా ఉంటుంది. ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) బ్రేకును వదులుతూ పడుతూ చక్రాన్ని ఆ దరిదాపుల్లోనే ఉంచాలని చూస్తుంది.

మూడో వారం: తడిపిన రోడ్డు మీద 4.8 కిలోలు (0.60), పొడి రోడ్డు మీదనే సన్నని దుమ్ము చల్లితే 4.4 కిలోలు (0.55) వచ్చాయి. దుమ్ము నీటికన్నా పట్టును ఎక్కువ తగ్గిస్తుందని నేను అనుకోలేదు. బరువును 16 కిలోలు చేసినప్పుడు త్రాసు రెట్టింపు చూపలేదు, 12.6 దగ్గరే ఆగింది. బరువు ఎంత పెరిగితే ఘర్షణ అంత పెరుగుతుందని 1699లో ఫ్రెంచి శాస్త్రవేత్త అమోంటన్ చెప్పిన సూత్రానికి రబ్బరు పూర్తిగా లొంగదు: బరువు పెరిగే కొద్దీ పట్టు పెరుగుతుంది గానీ గుణకం తగ్గుతుంది. మలుపులో బరువు బయటి చక్రాల మీదికి ఒరిగినప్పుడు లోపలి చక్రాలు పోగొట్టుకున్న పట్టును బయటివి పూర్తిగా పూడ్చలేకపోవడానికి కారణం ఇదే.

నాలుగో, ఐదో వారాలు: కారుతోనే కొలిచాను. అనుమతి తీసుకుని, మనుషులు లేని చదునైన ఖాళీ మైదానంలో, గంటకు 40 కి.మీ. వేగంతో వచ్చి బ్రేకు పూర్తిగా తొక్కాను. వేగం ఎంత త్వరగా మారుతోందో కొలిచే, ఫోనులోని త్వరణ మాపకం, భూమ్యాకర్షణ త్వరణంతో పోల్చి సగటున 0.78 చూపింది; చదునైన నేల మీద ఇది ఘర్షణ గుణకంతో పోల్చదగిన అంకె. ఈ లెక్కన కారు 8.1 మీటర్లలో ఆగాలి, టేపుతో కొలిస్తే 8.6 వచ్చింది. పాదం తొక్కిన క్షణానికే బ్రేకు పూర్తి బలం అందుకోదు, సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యమైనా ఈ వేగంలో అర మీటరు దాటిపోతుంది. ఫోనును కదలకుండా బిగించినా బ్రేకు వేసినప్పుడు కారు ముక్కు వంగుతుంది, ఒకటిన్నర డిగ్రీ వంగితే చాలు, అంకెలో 0.026 తప్పు చేరుతుంది. తడి నేల మీద సగటు 0.58 వచ్చింది, లెక్క ప్రకారం 10.9 మీటర్లు. వేగం 80 అయితే ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఆ పరీక్ష చేసే ఉద్దేశం నాకు లేదు.

ఉన్న పట్టునే బ్రేకూ మలుపూ పంచుకోవాలి. 0.78లో 0.6 బ్రేకుకే పోతే మలుపుకు మిగిలేది 0.18 కాదు, దాదాపు 0.5, ఎందుకంటే ఈ రెండు బలాలు లంబంగా పనిచేస్తాయి కాబట్టి వర్గాల లెక్క వర్తిస్తుంది. బ్రేకుకు 0.75 పోతే మాత్రం మిగిలేది 0.21 మాత్రమే.

ఆరో వారం: ఈ గాడులు వానలో సరిపోతాయా అనే అసలు ప్రశ్నకు నా ముక్క జవాబు చెప్పలేదని ఇప్పుడు తెలిసింది. నడక వేగంతో ఈడ్చే ముక్క కింద నుంచి నీరు తీరిగ్గా పక్కకు పోతుంది. నిజంగా భయపడవలసింది వేగంలో నీటి పొర టైరును పైకి లేపే స్థితికి. 1960లలో నాసా పరిశోధకులు విమాన టైర్ల కోసం ఇచ్చిన సూత్రం ప్రకారం, పీఎస్‌ఐలలో (చదరపు అంగుళానికి పౌండ్లలో) టైరు గాలి ఒత్తిడి వర్గమూలాన్ని 16.7తో గుణిస్తే ఆ స్థితి వచ్చే వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. 32 పీఎస్‌ఐకి అది 94, 24కు 82. గాడులు మింగగలిగిన దానికన్నా నీరు లోతుగా ఉన్నప్పుడే ఇది వర్తిస్తుంది కాబట్టి, 3 మిల్లీమీటర్ల గాడులున్న నా టైర్లు కొత్తవాటికన్నా పలుచని నీటిలోనే తేలిపోతాయి. అందువల్ల 1.6 దాకా ఆగకుండా వానలకు ముందే నాలుగూ మారుస్తున్నాను. కొత్త టైరు పైపొరకు అచ్చు నుంచి తేలికగా ఊడిరావడానికి పూసిన జారుడు పదార్థం అంటి ఉంటుంది కాబట్టి, కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపిన తరువాతే, అదే మైదానంలో, అదే 32 పీఎస్‌ఐతో మళ్లీ కొలుస్తాను.