సున్నాకు దిగువన

సంక్రాంతి సెలవుకు అమలాపురం దగ్గరి మా ఊరికి వచ్చిన మూడో రోజున, ఫిన్లాండ్‌లోని ఔలు నుంచి మా బృందం ఫోన్ చేసింది. ఆ శీతాకాలమే మొదటిసారి ఆరుబయట స్తంభాలకు బిగించిన మా పెట్టెలు, మితిమీరి వేడెక్కామంటూ వాటంతటవే ఆగిపోతున్నాయని, అక్కడ అప్పుడు మైనస్ 12 డిగ్రీలని చెప్పారు. పెట్టె తన పనిని నమోదు చేసుకునే లాగ్‌లో ఉష్ణోగ్రత 244000 అని ఉంది. ఆ పెట్టెలను నడిపే లినక్స్‌లో కేంద్రభాగమైన కెర్నెల్ ఉష్ణోగ్రతను డిగ్రీలో వెయ్యో వంతుల్లో చెబుతుంది కనుక అది 244 డిగ్రీలు. 256లోంచి 12 తీసేస్తే 244 అని తట్టగానే, పొరపాటు ఉష్ణోగ్రత సెన్సార్‌ను చదవడానికి నేను కెర్నెల్‌కు రాసిన కోడ్‌లోనే, అంటే నా డ్రైవర్‌లోనే ఉందని అర్థమైంది.

ఆ సెన్సార్ తన రిజిస్టర్ అనే చిన్న నిల్వచోటులో, 16 బిట్లలో (0 గానీ 1 గానీ పట్టే గడుల్లో), పై ఎనిమిదింట డిగ్రీలను, కింది బిట్లలో భిన్నాన్ని ఉంచుతుంది. అన్నిటికన్నా పై బిట్ 1 అయితే అది ఋణసంఖ్య. కెర్నెల్‌లో దాన్ని చదివే ఫంక్షన్ మాత్రం 32 బిట్ల విలువ ఇస్తుంది. పై 16 బిట్లూ సున్నాలే కావడంతో, అక్కడ మైనస్‌గా ఉన్నది ఇక్కడికి వచ్చేసరికి పెద్ద ధనసంఖ్య అయి కూర్చుంటుంది. నేను దాన్ని నేరుగా ఇంట్ అనే 32 బిట్ల పూర్ణాంక రకంలో వేసుకొని 256తో భాగించాను. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు.

వెచ్చని గదిలో పరీక్షించి సరిపెట్టుకోవడం నా తప్పే. అయితే ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరిందంటే మొదటి ప్రమాద హెచ్చరిక, 17.75 అంటే మూడోది అని వింటూ పెరిగినవాడికి భయమంతా పెరిగే అంకె మీదే ఉంటుంది. సున్నా కిందికి దిగే అంకె మా లంకల్లో ఎవరికీ పనిపడదు.

సంచిలో తెచ్చుకున్న బోర్డుకు సెన్సార్ తగిలించి, ఫ్రిజ్‌లో ఐసు అరలో పెట్టి, తీగల మీదుగానే తలుపు మూశాను. రీడింగు 2, 1, 0 అని దిగి, ఒక్కసారిగా 255కు ఎగిరింది.

"ఫ్రిజ్‌లో ఆ తీగలేవిట్రా?" అంది అమ్మ.

"చలి కావాలమ్మా."

"చలే కావాలంటే అక్కడే ఉండకపోయావా!"

విలువను ఋణసంఖ్యలనూ గుర్తించే 16 బిట్ల రకంలోకి మార్చితే చాలు. కానీ అసలు కిటుకు ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమంలో ఉంది. తీగ ఊడి చదవడం విఫలమైతే అదే ఫంక్షన్ మైనస్ 5 వంటి దోషసంకేతం ఇస్తుంది. ముందే 16 బిట్లకు కుదిస్తే, ఆ వైఫల్యం సున్నాకు కాస్త దిగువనున్న చలిలా కనిపించి ఎవరికీ అనుమానం రాదు. అందుకని 32 బిట్లలో ఉండగానే దోషాన్ని తనిఖీ చేసి, ఆ తరువాతే కుదించాను. ఈసారి రీడింగు 0 దాటి మైనస్ 1కి, ఇంకా కిందికి నెమ్మదిగా దిగింది.

ఈ దిద్దుబాటును పంపే ప్యాచ్ అడుగున, ఏ మార్పులోని తప్పును దిద్దుతున్నామో తెలిపే 'ఫిక్సెస్' వరుసలో పాత మార్పు గుర్తింపులోని 12 అక్షరాలు రాశాను. ఆ పాత మార్పు కింద ఉన్న సంతకమూ నాదే.