కుళాయి గట్టు మొక్కలు

మన బడి కుళాయి గట్టు వెనక ఉండే బురద మూల గుర్తుందా? అందరం చేతులు కడిగిన నీళ్ళన్నీ గోడ వారకి చేరేవి. ఎండాకాలంలోనూ ఆ మట్టి ఆరేది కాదు. తోటపని పీరియడ్‌లో మంచి మడులన్నీ మిగతా సెక్షన్లకు పోగా ఆ మూల మాకు మిగిలింది. ఏం నాటినా వేరు కుళ్ళి చస్తుందని ఏడుపు ముఖాలు పెట్టాం.

సైన్సు మాస్టారు మాత్రం నవ్వి, మర్నాడు తడిగుడ్డలో చుట్టిన రెండు రకాల మొక్కలు తెచ్చారు. "రెండింటినీ బ్రాహ్మి అంటారర్రా. రెండూ ఒకటి కాదు. తేడా మీరే పట్టండి," అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

వారం రోజులు వాటి ముందు గొంతుక్కూర్చుని చూశాం. ఒకదాని ఆకు గుండ్రంగా, కాడ దగ్గర లోపలికి నొక్కుకుని ఉండేది. అంచంతా సన్నటి నొక్కులు. నేల మీద పాకే తీగ నుంచి ఒక్కో ఆకూ పొడుగాటి కాడతో పైకి లేచేది. రెండోదాని ఆకులు గోరంత, మందంగా, కాడే లేకుండా కాండానికి ఎదురెదురుగా అతుక్కుని ఉండేవి. దాని పువ్వు తెలుపు, కాస్త ఊదా ఛాయ, అయిదు రేకులు. మొదటిది సరస్వతి ఆకు, అంటే మండూకపర్ణి. శాస్త్రీయ నామం సెంటెల్లా ఏషియాటికా. రెండోది నీటి బ్రాహ్మి, బకోపా మొనియేరి. వాటి కుటుంబాలు కూడా వేరు. ఆయుర్వేద గ్రంథం రాసిన చరకుడు మేధకు మంచివని చెప్పిన నాలుగు రసాయనాల్లో, అంటే ఒంటికి సత్తువనిచ్చే మందుల్లో, మండూకపర్ణి రసం ఒకటని మాస్టారు తర్వాతెప్పుడో చెప్పారు. అది విన్నాక మా సెక్షన్ వాళ్ళకి ఆ మూల మీద గౌరవం అమాంతం పెరిగిపోయింది. అసలు గొడవ అక్కడే మొదలైంది.

పెంచడంలో కష్టమేమీ లేదు. గింజలు అక్కర్లేదు. నాలుగు వేళ్ళ పొడవు ముక్క తుంచి, కణుపు మట్టికి తగిలేలా పడుకోబెడితే చాలు, ఆ కణుపు దగ్గరే వేళ్ళు దిగుతాయి. నీటి బ్రాహ్మి నిలవ నీళ్ళలో కూడా హాయిగా బతుకుతుంది. సరస్వతి ఆకుకి తడి కావాలి కానీ మునిగిపోకూడదు. కాస్త నీడ ఉంటే ఆకు వెడల్పుగా వస్తుంది, మాడే ఎండలో పెడితే చిన్నదైపోతుంది. ఇది మేం ఒక మడి పాడుచేసుకుని నేర్చుకున్నాం. కలుపు మాత్రం చేత్తోనే తియ్యాలి. పార పెడితే తీగలన్నీ తెగిపోతాయి. ఆ పని నాకు అప్పుడూ విసుగే, ఇప్పుడూ విసుగే.

మాస్టారు పెట్టిన షరతు ఒకటే: "చూడండి, బొమ్మ గీయండి, నోట్లో మాత్రం పెట్టకండి." సబ్బునీళ్ళ మూల కదా అందుకేమో అనుకున్నాం. అసలు కారణం అంతకన్నా పెద్దదని చాలా ఏళ్ళకి చదివి తెలుసుకున్నాను. ఈ రెండు మొక్కలూ మట్టిలో, నీళ్ళలో ఉన్న సీసం, కాడ్మియం లాంటి విషపు లోహాలను పీల్చి తమలో దాచుకుంటాయి. మురికి కాలవ పక్కన ఎంత పచ్చగా పెరిగినా కొయ్యకూడనిది అందుకే.

నా పక్క బెంచీ వాడు వింటేగా! లెక్కల పరీక్ష టెన్షన్‌లో ముందురోజు సాయంత్రం గుప్పెడు నీటి బ్రాహ్మి తెంపి, ఆ చేదుకి కళ్ళనీళ్ళు కారుతున్నా కసకసా నమిలేశాడు. "ఒరేయ్, సూత్రాలన్నీ అలా నిలబడిపోతాయిరా," అన్నాడు. మర్నాడు హాల్లో వాడే ఓ చోట నిలబడలేకపోయాడు. మూడుసార్లు లేచి వెళ్ళొచ్చాడు. బడి కుళాయి మురికి సంగతి అటుంచితే, కడుపులో తిప్పడం, నొప్పి, విరేచనాలు ఆ మొక్కకి మామూలుగా ఉన్న లక్షణాలే. పైగా అది ఒక్క రాత్రిలో పనిచేసేది కాదు. దాని మీద జరిగిన కొన్ని పరిశోధనల్లో పెద్దవాళ్ళకి రోజుకు 300 మిల్లీగ్రాముల సారాన్ని 12 వారాలు ఇచ్చి చూశారు. జ్ఞాపకశక్తిలో కనిపించిన మేలు కూడా కొద్దిపాటిదే. వాడు నమిలింది పన్నెండు గంటల ముందు!

ఇప్పుడు మా డాబా మీద వెడల్పాటి తొట్లలో రెండూ ఉన్నాయి, శుభ్రమైన మట్టిలో, మంచినీళ్ళతో. సరస్వతి ఆకు అప్పుడప్పుడు రెండు కోసి, కడిగి నములుతాను, అంతే. రోజూ మందులా వాడను. మండూకపర్ణి వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి, అరుదే అయినా. గర్భిణులు, వేరే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా వీటి జోలికి వెళ్ళకపోవడం మంచిదని నా అభిప్రాయం. మొన్న మా అమ్మాయి 'సికా' క్రీము అని ఏదో ముఖానికి రాసుకుంటుంటే డబ్బా తిప్పి చూశాను. సెంటెల్లా ఏషియాటికా! మన బురద మూల మొక్క అంత ఖరీదైన డబ్బాలోకి ఎక్కిందా అని చాలాసేపు నవ్వుకున్నాను.

ఈసారి అందరం కలిసేటప్పుడు వేళ్ళు పట్టిన ముక్కలు తెస్తున్నాను, కావలసినవాళ్ళు ముందే చెప్పండి. రెండు రకాలూ వేరువేరు సంచుల్లో, పేర్లు రాసి ఉంటాయి. మా పక్క బెంచీ వాడి సంచి మీద మాత్రం మాస్టారి షరతు కూడా రాశాను.