పసుపు గీతలు

శనివారం, రాత్రి పదకొండు దాటింది. చిన్నాయన హాల్లో గురక పెడుతున్నాడు. బట్టల సంచులు ఇంకా సోఫా మీదే ఉన్నాయి. ఒళ్ళంతా పులిసిపోయింది గానీ ఇది రాయకుండా పడుకుంటే నిద్ర పట్టేట్టు లేదు.

వచ్చే నెల చెల్లెలి నిశ్చితార్థం. బట్టలు బెంగుళూరులోనే తీయాలని చిన్నమ్మ పట్టు. నిన్న సాయంత్రం నేనే కారేసుకుని హిందూపురం వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చాను. చిన్నాయనకి మూడో ఏట పోలియో వచ్చింది. ఊళ్ళో సైడ్ చక్రాలు బిగించిన స్కూటర్ మీద మార్కెట్టు, బ్యాంకు, పెళ్ళిళ్ళు, పేరంటాలు అన్నీ తనే తిరుగుతాడు. ఆ బండి కాగితాల్లో 'ఇన్‌వాలిడ్ క్యారేజ్' అని ఉంటుంది. ఇంగ్లీషులో ఆ 'ఇన్‌వాలిడ్'కి నడవలేనివాళ్ళనీ అర్థమే, చెల్లనిదనీ అర్థమే. "చెల్లని బండి పాపా నాది. చెల్లని బండి మీద ఇరవై ఏండ్ల నుంచి చెల్లుబాటైతాండా" అంటాడు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు ఆ మాట తీసేసి 'అడాప్టెడ్ వెహికల్' అని పెట్టారు. ఆ సంగతి చెబితే పెద్దగా సంతోషపడలేదు. జోకు పోతుందని కాబోలు.

బెంగుళూరు వస్తే మాత్రం ఆ స్కూటర్ ఉండదు. వీల్‌చెయిర్, నా కారు, నేను.

వైట్‌ఫీల్డ్ వైపు ఒక మాల్‌కి వెళ్ళాం. బేస్‌మెంట్‌లో లిఫ్టు పక్కనే, నీలం రంగు మీద తెల్లగా కుర్చీ బొమ్మ వేసిన స్లాట్లు రెండున్నాయి. ఒకదాంట్లో పెద్ద కారు ఉంది. అద్దం మీద ఏ గుర్తూ లేదు. గుర్తు లేనంత మాత్రాన దొంగ అనుకోకూడదులే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, పార్కిన్సన్స్, థలసీమియా కూడా అందులోవే. వాళ్ళందరికీ చక్రాల కుర్చీ ఉండదు. రెండో స్లాటు ఖాళీ. పొద్దున ఎవరి మొహం చూశానో అనుకున్నాను.

"ఈడ ఇంత జాగా వదిలినారే!" అన్నాడు చిన్నాయన, పక్కన పసుపు గీతలు అడ్డంగా గీసిన పట్టీ చూసి. అందరూ అదే అనుకుంటారు, వదిలేశారని. మామూలు కారు స్లాటు వెడల్పు రెండున్నర మీటర్లు. ఇలాంటిది కనీసం 3.6 మీటర్లు ఉండాలని, భవనం ద్వారానికి 30 మీటర్లు మించి దూరం ఉండకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. ఆ ఎక్కువ మీటరు ఎందుకో చిన్నాయన దిగేటప్పుడు చూస్తే తెలుస్తుంది. ముందు తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. డిక్కీలోంచి కుర్చీ తీసి, విప్పి, సీటు పక్కకి కాస్త ఏటవాలుగా ఆనించి, బ్రేకులు వేసి, పాదాలు పెట్టుకునే రేకులు పైకి మడవాలి. అప్పుడు ఆయన ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి, ఒక్క ఊపులో ఇటు వచ్చేస్తాడు. ఆ ఊపు చూస్తుంటే నాకు చిన్నప్పటి నుంచీ ముచ్చటే. మొత్తం మూడు నిమిషాలు.

బట్టల సంగతి రాయను, అది వేరే పురాణం. చిన్నమ్మ ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి పదకొండు చీరలు కాదంది.

రెండు గంటల తర్వాత కిందికొస్తే, మా కారు మా కారులాగే ఉంది. పసుపు గీతల మీద మాత్రం మూడు బైకులు, వరసగా, శుభ్రంగా, హ్యాండిల్ లాకులు వేసి. చిన్నాయన వైపు తలుపు జానెడు కూడా తెరుచుకోదు. ఖాళీ స్లాటు దొరకడం ఒక్కటే సమస్య అనుకున్నానిన్నాళ్ళూ. ఇంటికెళ్ళడానికీ ఆ ఖాళీ అక్కర్లేదూ?

సెక్యూరిటీ అబ్బాయిని పిలిచాను. ముళబాగిలు వాడట, తెలుగే. "ఏం చేసేది అక్కా. కారు పట్టదు గానీ బైకు పడతాది కదా అంటారు. చెబితే 'ఎరడు నిమిష', రెండే నిమిషాలు అని లిఫ్టు ఎక్కేస్తారు. గట్టిగా అంటే మేనేజరుకి నా మీదే చెప్తారు." మైకులో నంబర్లు చెప్పించాడు. ఎవరూ రాలేదు. పాపం తనే ఒక బైకు వెనక చక్రం ఎత్తి జరపబోయాడు, అలారం మోగింది.

చివరికి కారు నేనే వెనక్కి తీసి, వచ్చే పోయే దారికి అడ్డంగా ఆపి, నాలుగు లైట్లూ వేశాను. వెనకాల ఆరేడు కార్లు. హారన్లు. బేస్‌మెంట్‌లో హారన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఒకాయన అద్దం దించి "సైడ్‌కి తీసుకోండి మేడం" అని కేకేసి, కుర్చీ చూసి తల ఫోన్‌లోకి దించుకున్నాడు. చిన్నాయన ఆయనకి చెయ్యి ఊపాడు, ఊరేగింపులో పెళ్ళికొడుకులాగా. నాకు మాత్రం చేతులు వణికాయి. ఆ తొందరలో ఒకవైపు రేకు మడవడం మర్చిపోయాను.

కారెక్కాక చాలాసేపు నేను తిడుతూనే ఉన్నాను. వికలాంగుల చట్టం ఉంది, కానీ ఆ గీతల మీద బండి పెట్టినవాడికి ఇంత జరిమానా అని అందులో విడిగా రాసి లేదు. వసతులన్నీ ఉండాలని చట్టం అంటుంది, దాని కింద రాసిన రూల్ 15 ఏమో 'ఇలా చేస్తే మంచిది' అన్నట్టుగా ఉండేది. రాజీవ్ రతూరి అనే ఆయన, కళ్ళు కనిపించనివారు, 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో ఆ రూలు చెల్లదని తేల్చేసింది. తప్పనిసరిగా ఉండాల్సినవేవో స్పష్టంగా రాయమని కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది. ఇదంతా చెబుతుంటే చిన్నాయన "చెల్లదు" దగ్గర పట్టుకున్నాడు.

"అంటే ఇన్నాళ్ళూ చెల్లనిది నా బండి కాదన్నమాట. వాళ్ళ రూలు."

సిగ్నల్ పడేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

రాత్రి భోజనాలయ్యాక పంచె సర్దుకుంటుంటే చూశాను. ఎడమ కాలు ముందు ఎముక మీద బెత్తెడు పొడుగున చర్మం లేచిపోయి, నెత్తురు ఎండిపోయి ఉంది. ఆ రేకే. పోలియో కాళ్ళలో బలం తీసుకుపోతుంది గానీ స్పర్శని కాదు. తగిలినప్పుడే తెలిసుంటుంది ఆయనకి. చెయ్యి ఊపుతున్నప్పుడు కూడా తెలుస్తూనే ఉండి ఉంటుంది. "అప్పుడే చెప్పకూడదా చిన్నాయనా?" అంటే, "ఎనకాల అన్ని కార్లు ఉండె గదా" అన్నాడు.

మందు రాసి వచ్చి ఫోన్ పట్టుకుంటే అపార్ట్‌మెంట్ గ్రూపు కనిపించింది. మా సెల్లార్‌లోనూ కుర్చీ బొమ్మ స్లాటు ఒకటుంది. పోయినేడాది మీటింగులో, మన బ్లాకులో అలాంటివాళ్ళెవరూ లేరు కదా, పిల్లల పాత సైకిళ్ళు అక్కడ పెట్టుకుందామని ఎవరో అన్నారు. గ్రూపులో పైకి వెతుక్కుంటూ వెళ్ళాను. కింద వరసగా బొటనవేళ్ళు. అందులో నాదీ ఉంది, నాలుగోది.

ఇందాక కిందికెళ్ళి చూసొచ్చాను. తొమ్మిది సైకిళ్ళు, ఒక విరిగిన టేబుల్, పోయిన వినాయక చవితి పందిరి కర్రలు. పొద్దున ఆరింటికి బయల్దేరాలి. వాచ్‌మన్‌ని ఐదింటికే లేపాలి, టేబుల్ నా ఒక్కదాని వల్ల కాదు.