56 రోజుల లెక్క

ముట్లుడిగిన మూడేళ్లకు చీరకు మళ్లీ రక్తపు మరక అంటింది. వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు తాగాను. తర్వాత మా ఊరి ఆర్‌ఎంపీ రక్తం కట్టే మాత్రలిచ్చాడు. ఆగేది, పది రోజులకు మళ్లీ కనబడేది. నాలుగు నెలలు అలా పోయాయి. వాటికి ఎవరినీ తిట్టను. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా పరీక్ష చేయించుకోవాలని నాకే తెలియదు.

తిట్టాల్సిన ఆవిడ వేరే ఉంది. టౌన్లో ఒక నర్సింగ్ హోమ్ డాక్టరమ్మ. పొట్ట మీద స్కాన్ తీసి, గర్భసంచి ఉబ్బిందని, రాస్తున్న చీటీ మీంచి తలెత్తకుండానే "ఈ వయసులో గర్భసంచితో పనేముందమ్మా, గురువారం తీసేద్దాం" అంది. విరిగిన కుర్చీని పెరట్లో పడేద్దామన్నట్టు. మేమూ తలూపి అడ్వాన్సు కట్టొచ్చాం.

మా వదిన జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆ రాత్రి ఫోన్లో ఒకటే అడిగింది, "బల్ల మీద పడుకోబెట్టి లోపల చూశారా, ఊరికే స్కానేనా?" చూడలేదు. పొట్ట స్కాన్‌లో గర్భసంచి ముఖద్వారం మీది పుండు తప్పిపోవచ్చు. లోపలి దారిని తెరిచి పట్టే స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి చూస్తే రెండు నిమిషాల పని. వదిన నన్ను తీసుకెళ్లి చూపించిన డాక్టరమ్మ అలాగే చూసి, అప్పటికప్పుడే పరీక్షకు చిన్న ముక్కలు తీసి, అవి పాడవకుండా ఫార్మలిన్ మందు సీసాలో వేశారు. వారానికి రిపోర్టు వచ్చింది, స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. ఎంఆర్ఐలో పక్క కణజాలంలోకి పాకినట్టు తేలింది. స్టేజి 2బి.

2బికి వైద్యం కోత కాదు, కరెంటు, అంటే రేడియేషన్, దాంతోపాటు కీమో. బయటి నుంచి పెట్టే కరెంటు కాక లోపలి నుంచి పెట్టేదీ ఉంటుంది, ఆ లోపలి కరెంటు గొట్టం కూర్చునేది గర్భసంచిలోనే. గురువారం అది తీసేసి ఉంటే గొట్టానికి ఆధారం పోయేది, ఆ ఖాళీలోకి పేగులు జారి కరెంటు దెబ్బ తినేవి, గడ్డ కొంత లోపలే మిగిలేది. గర్భసంచి ఆపరేషన్లలో దేశంలో ముందున్నవి మన రెండు రాష్ట్రాలే. ముఖద్వారం చూడకుండా కత్తి పట్టేవాళ్ల మీద నా కోపం ఇంకా తగ్గలేదు.

ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది, ఆ పథకానికి దండం పెట్టాలి. కానీ ల్యాబ్ వాళ్లు రిపోర్టులో నా ఇంటిపేరు తప్పు రాయడంతో అనుమతికి ఆరు రోజులు పట్టింది. ముక్క తీసిన రోజే సీసా మీద పేరు, వయసు ఆధార్‌తో సరిచూసుకోండి. రిపోర్టుతోపాటు ఆ ముక్కతో చేసిన గాజు స్లైడ్లు, ముక్కను దాచిన మైనపు బ్లాకు కూడా అడిగి తెచ్చుకోండి. పెద్దాసుపత్రిలో వాటిని మళ్లీ చూస్తారు, లేకపోతే ఇంకోసారి ముక్క తీయాల్సి వస్తుంది.

ఆ ఆరు రోజుల్లో నాలుగో రాత్రి. రెండింటికి మెలకువ వస్తే పరుపంతా తడి. గడ్డలు గడ్డలుగా పడుతోంది. మా ఆయన పాత దుప్పటి చుట్టి ఆటో ఎక్కించారు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. వెంకన్నకు నా తలనీలాలు మొక్కుకున్నానని తర్వాత చెప్పారు. డ్యూటీలో ఉన్న డాక్టరు కుర్రాడు గాజుగుడ్డ చుట్టలు చుట్టలుగా లోపల కుక్కాడు. కేకలు పెట్టాను. రక్తం ఆగింది. హిమోగ్లోబిన్ 7.2. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. ఆక్సిజన్ అందని గడ్డ మీద కరెంటు సరిగా పనిచేయదు, అందుకే 10 దాటించాకే మొదలుపెట్టారు. ఆ అబ్బాయి పేరైనా అడగలేదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

బయటి కరెంటు 25 సార్లు, వారానికి అయిదు రోజులు. సోమవారాలు సిస్ప్లాటిన్ అనే కీమో మందు. రోజూ ఒంటికి వెళ్లొచ్చి, అరలీటరు నీళ్లు తాగి, ముప్పావుగంట ఆపుకుని బల్లెక్కాలి. మూత్రసంచి నిండితే పేగులు కరెంటుకు దూరంగా పైకి జరుగుతాయి. తర్వాత లోపలి కరెంటు నాలుగుసార్లు. మొత్తం 56 రోజుల్లో ముగియాలని డాక్టరు మొదటిరోజే చెప్పారు. మొదలుకాక ముందు వారం ఆలస్యమైనా సర్దుకోవచ్చుగానీ, మొదలయ్యాక ఆపితే మిగిలిన కణాలు మరింత జోరుగా పెరుగుతాయి. వెంకట్రామా క్యాలెండర్లో చుక్కలు పెట్టుకుంటూ వచ్చాను. మూడోవారం మిషన్ చెడి మూడు రోజులు పోయాయి. "బాగయ్యాక రండమ్మా, చివర్లో కలుపుతాం" అన్నారు కౌంటర్లో. క్యాలెండర్ తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టాను. రెండు శనివారాలు రమ్మన్నారు, ఇంకోరోజు ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పెట్టారు. 54వ రోజుకు ముగిసింది. నా పక్కన కూర్చునే ఆవిడ మాత్రం కౌంటర్ మాటే విని వెళ్లిపోయింది.

అయ్యాక లోపలి దారి అతుక్కుపోకుండా కొన్నాళ్లు డైలేటర్ అనే నున్నటి గొట్టంలాంటి పరికరం వాడాలి. ఇది కూడా వదినే చెప్పింది. సిగ్గుపడి మానేస్తే, తర్వాత డాక్టరు పరీక్ష చేయడమే కష్టమవుతుంది.

మూడో నెల ఎంఆర్ఐ శుభ్రంగా వచ్చింది. కొండకెళ్లాం. వారం వారం వేసే ఆ సిస్ప్లాటిన్‌కు జుట్టు పెద్దగా ఊడదు. నడుం దాకా ఉన్న జడ ఉన్నట్టే కల్యాణకట్టలో ఇచ్చొచ్చాను.